సవరణ: కాంగో పిల్లల పోస్టులో వయసు లెక్క

మొన్న కాంగోలో బాల సైనికుల మీద పెట్టిన పోస్టులో 18 ఏళ్ల లోపు వాళ్లని సైన్యంలో చేర్చుకుంటే యుద్ధ నేరం అని ఉంది కదా, అక్కడ 15 అని చదువుకోండి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు రూల్ అదీ, 2012లో కాంగో తిరుగుబాటు నాయకుడు థామస్ లుబంగాకి 14 ఏళ్ల జైలు పడింది కూడా 15 లోపు పిల్లల్ని చేర్చుకుని పోరాటంలో వాడినందుకే. 18 అనేది 2000 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోది, దాని ప్రకారం ప్రభుత్వాలు 18 లోపు సైనికులు నేరుగా యుద్ధంలోకి దిగకుండా చూడాలి, తిరుగుబాటు గ్రూపులైతే అసలు చేర్చుకోనే కూడదు. మరి అగ్నివీర్‌కి మన సైన్యంలో పదిహేడున్నరకే తీసుకుంటున్నారుగా అన్నాడు ఒంగోలు ఫ్రెండొకడు, మంచి డౌటే, ఇష్టపడి చేరితే ఆ ఒప్పందం ఒప్పుకుంటుందిరా అబ్బాయ్.

ఇంకోటి, తుపాకీ పట్టినోళ్లే బాల సైనికులు కాదు, వంటకి పెట్టుకున్న పిల్లలు, మూటలు మోసేవాళ్లు, కబుర్లు చేరవేసేవాళ్లు, ఎత్తుకెళ్లిన ఆడపిల్లలు అందరూ ఆ లెక్కలోకే వస్తారు.

ఇక అదే పోస్టులో రాసిన మార్కాపురం పలకల సంగతి. ఒకప్పుడు అక్కడ పిల్లలు బడి మానేసి, రాతి దుమ్ము పీలుస్తా, వేరే పిల్లలు బడికి తీసుకెళ్లే పలకలు చేసేవాళ్లు. దాన్నీ కాంగోనీ ఒకే గాటన కట్టావేంటని కొందరు కోప్పడ్డారు. రెండూ ఒకటని కాదన్నా, 1999 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 182వ ఒప్పందంలో బలవంతంగా యుద్ధానికి లాక్కెళ్లడం, ఆరోగ్యం పాడుచేసే పని రెండూ పిల్లల చేత చేయించకూడని అతి ఘోరమైన పనుల జాబితాలోనే ఉన్నాయి, మన దేశం దాన్ని ఆమోదించింది 2017లో.