పిర్రసూది గారికి ఓ నర్సమ్మ విన్నపం

మహారాజశ్రీ పిర్రసూది గారికి,

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్టాఫ్ నర్సు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మీరు దిగిన చోటు తప్ప అంతా క్షేమం.

మీ కీర్తి రోజూ చెవిన పడుతూనే ఉంది. మొన్న జలుబుతో వచ్చిన ఓ పెద్దాయన, డాక్టరు గారు రాసిన పారాసిటమాల్ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "బిళ్ళలు సరే నర్సమ్మా, సూదేదీ?" అన్నాడు. అక్కర్లేదన్నాను. "మా ఊరి ఆర్‌ఎంపీ ఐతే అడక్కముందే పొడుస్తాడు" అని నా ముఖం మీదే మార్కులు వేసేశాడు. మీ భక్తులకు నొప్పి పుడితేనే మందు ఎక్కినట్టు. సిరంజిలో ఉన్నదేమిటని అడిగినవాడు మాత్రం నాకింతవరకూ తగల్లేదు.

మీ దర్శనానికి నిలబడే తీరు చూడాలి. లుంగీ ఓ పక్కకి రెండంగుళాలు దించి, బల్లకి చెయ్యానించి, పిర్ర రాయిలా బిగబట్టేస్తారు. "బోర్లా పడుకో బాబాయ్, కాలి బొటనవేళ్ళు లోపలికి తిప్పు, కండ వదులవుతుంది" అంటే, "సూదికింత తతంగమా!" అంటారు. తతంగమే మరి. ఆ రెండంగుళాల సందులో నాకేం కనబడుతుంది? పిర్రని నాలుగు భాగాలనుకుని, పైన బయటివైపు భాగంలోనే 90 డిగ్రీల్లో నిటారుగా దించాలి. మధ్యకో కిందికో జారితే అక్కడ సయాటిక్ నరం ఉంటుంది, బొటనవేలంత లావున. దానికి తగిలిందా, జ్వరమని నడిచొచ్చినవాడు పాదం పైకి లేవక ఈడ్చుకుంటూ పోతాడు. అందుకే తుంటి పక్క కండ మేలని మాకు నేర్పుతున్నారు. పసిపిల్లలకైతే తొడ బయటివైపు. కుక్క కరిచిన పెద్దవాళ్ళకు టీకా భుజానికే వెయ్యాలి, పిర్ర కొవ్వులో వేస్తే సరిగ్గా పనిచెయ్యదు. ఇది చెబితే, "భుజానికి వేసేది సూదేనా?" అని మీ తరఫున అలుగుతారు.

మీ వల్ల ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా పేరు కూడా 2018లో దేశమంతా మోగింది. అక్కడ చవగ్గా వైద్యం చేయించుకున్న పదుల మందికి హెచ్‌ఐవీ బయటపడింది. ఒకే సూది అందరికీ వాడారన్నది ఆరోపణ. నేనైతే ప్రతిసారీ కొత్త ప్యాకెట్ వాళ్ళ కళ్ళముందే చింపుతాను. అటు చూసేవాడుండడు, అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు.

స్పిరిట్ దూది సంగతీ అంతే. తుడిచాక అరనిమిషం ఆరనివ్వాలని ఆగితే, "ఏంటమ్మా, మర్చిపోయావా?" అని వెనక్కి తిరిగి చూస్తారు.

అన్నట్టు, ఆ పెద్దాయన నాలుగో రోజు మళ్ళీ వచ్చాడు. జలుబు తగ్గింది. మధ్యలో ఎక్కడో సూది వేయించుకున్నాడట, పిర్ర మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఈ గడ్డ కరగడానికి ఓ సూది పొడవ్వా, నర్సమ్మా?"

ఇట్లు,
మీ విధేయురాలు,
ఇంజెక్షన్ గది నర్సు