లోపల ఏం చెప్పావ్?

మనసు బాగోలేక నెల్లూరులో ప్రైవేటుగా కౌన్సెలింగుకు వెళ్ళాలనుకునే వారికి నాదొక విన్నపం. మీ బాధేమిటో తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. బయటికి రాగానే "లోపల ఏం చెప్పావ్?" అని అడుగుతారు కదా, దానికి జవాబు మాత్రం ఇంటి దగ్గరే తయారు చేసుకుని బయల్దేరండి. థెరపిస్టు ఏమడుగుతారో నేను చెప్పలేను గానీ ఈ ప్రశ్న తప్పదు. అమ్మ అడుగుతుంది, నాయన అడుగుతాడు, చిన్నమ్మ ఫోన్ చేసి అడుగుతుంది, పక్కింటాయన "నాకెందుకులే గానీ" అంటూనే అడుగుతాడు.

మనమేమీ రోగాలు దాచుకునే జాతి కాదు. ఆసుపత్రులుండే పొగతోటలో స్కానింగు కవరు చంకన పెట్టుకుని, గుండె నుంచి గర్భసంచి దాకా మెడికల్ షాపు ముందే నిలబడి మాట్లాడుకుంటాం. ఏఎస్‌పేట దర్గాకో కసుమూరుకో పోవాలంటే బండి మాట్లాడి, చుట్టాలందరికీ చెప్పి, క్యారియర్లు కట్టుకుని మరీ పోతాం. కౌన్సెలింగుకు మాత్రం మొహానికి మాస్కు, తలకు హెల్మెట్. ట్రాఫిక్ పోలీసు ఆపినా పెట్టుకోని హెల్మెట్‌ను మేడ మెట్లు ఎక్కేటప్పుడు పెట్టుకుంటాం.

ఇంత రహస్యంగా బయల్దేరిన మనిషి వెనక ఎంతమంది వస్తారో చూడాలి. ఇంటర్ చదివే పిల్లోడు ఒకడు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతాయి. వాడికని తీసుకున్న అపాయింట్‌మెంటుకు అమ్మ, నాయన, మేనమామ, ఆత్మకూరు నుంచి పొద్దున బస్సుకు దిగిన చిన్నమ్మ కలిసి లోపలికి నడుస్తారు. గదిలో కుర్చీలు చాలవు. మామ బయటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కొచ్చి థెరపిస్టు మేడం బల్ల పక్కనే వేసుకుంటాడు.

"కాసేపు బాబుతో ఒక్కడితోనే మాట్లాడతానండీ" అంటుంది మేడం. అమ్మా నాయనా లేస్తారు. మామ లేవడు. ఆ మాట తనకు కాదనుకుంటాడు. మళ్ళీ చెబితే, "నేనేమన్నా బయటోణ్ణా మేడం? వీణ్ణి ఎత్తుకుని తిప్పిందే నేను" అంటాడు. చివరికి లేస్తాడు గానీ తలుపు సగమే వేస్తాడు, గాలాడదని.

మేడమే లేచి తలుపు వేసుకున్నాక బయట గస్తీ మొదలవుతుంది. చిన్నమ్మ కుర్చీ తలుపుకు ఆనించి కూర్చుంటుంది. లోపల పిల్లోడు ఏడుస్తున్నాడని కనిపెడుతుంది. "బిడ్డను ఏడిపిస్తుండాది మే!" అని అక్కతో చెప్పి తలుపు తోసేస్తుంది. "ఏం లేదు మేడం, మంచినీళ్ళు తాగుతాడేమోనని." ఆమె పోయిన కాసేపటికి నాయన వస్తాడు. పదో తరగతి మార్కుల లిస్టు ఇవ్వడం మరిచిపోయాడట. ఆ తర్వాత మామ తల ఒక్కటే లోపలికి వస్తుంది: "సెల్లు చూడొద్దని కాస్త గట్టిగా చెప్పండి మేడం." పిల్లోడు ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డం పడిన మాటను అప్పుడే పైకి తెచ్చుకుంటున్నాడు. మామ తల చూసి మళ్ళీ మింగేస్తాడు.

యాభై నిమిషాలకు వాడు బయటికొస్తే ఇక విచారణ. ఏం చెప్పావ్? మా గురించి చెప్పావా? ఎందుకేడ్చావ్? ఆటో మద్రాసు బస్టాండు దాటేలోపు డ్రైవరు కూడా కమిటీలో చేరిపోతాడు. "మా బామ్మర్దికీ ఇట్టానే ఉంటే..."

ఇంతలో నాయనకు అనుమానం వస్తుంది. చీటీ ఏది? ఒక్క బిళ్ళ రాయలేదే! ఇంజక్షన్ లేదు, సెలైను లేదు. "ఉత్త మాటలకు వెయ్యి రూపాయలా? మాటలు మన ఇంట్లో లేవా?" ఉన్నాయి నాయనా, మాటలకేం కరువు. ఆ మాటలు పడలేకే వాడు ఇక్కడికొచ్చాడు. మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివిన డాక్టరు. మాటలతో నయం చేసే సైకాలజిస్టు మందులు రాయకూడదు, రాస్తే లేచి వచ్చేయండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకునే వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, 1992 నాటి చట్టం అది. నంబరు అడగండి. చేపల మార్కెట్లో మొప్పలు ఎత్తి చూడందే చేప కొనని ఊరికి ఇది నేర్పాలా? 'కౌన్సెలర్' అని బోర్డు తగిలించుకోవాలంటే, బోర్డు రాసేవాడి కూలి ఉంటే చాలు.

మొదటి రోజు నయమైపోదు. నిద్ర, ఆకలి, ఇల్లు, చిన్నతనం, ఇదివరకు వాడిన మందులు, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇవన్నీ అడుగుతారు. ఫీజెంత, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలి, ఏది రహస్యం, ఏది కాదు, అవీ చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి. "ఎన్ని సిట్టింగులు? ఎంసెట్ లోపల అయిపోవాల" అని మామ అంటే, ఆయనకు జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు.

రాత్రి తొమ్మిదింటికి నాయన మేడంకు ఫోన్ చేస్తాడు. "స్కానింగు తీస్తే రిపోర్టియ్యరా? డబ్బులు కట్టింది మేము గదా. మాకొక్కరికే చెప్పండి, వాడికి తెలియనియ్యం లెండి."

చెప్పేవాళ్ళున్నారు. నాకు మండేది అక్కడే. ఏడుస్తూ ఒక ఆడపిల్ల నోరు విప్పితే, సాయంత్రానికల్లా "మీ అమ్మాయి ఫలానా అబ్బాయి గురించి చెప్పిందండీ" అని తండ్రికి చేరవేసే పెద్దమనుషులున్నారు. దాన్నేమో ఫ్యామిలీ కౌన్సెలింగ్ అంటారు. ఆ పిల్ల మళ్ళీ ఇంకొకరి ముందు జన్మలో నోరు తెరుస్తుందా? మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017. సెక్షన్ 23. రోగి విషయాలు రహస్యంగా ఉంచడం రోగి హక్కు, వైద్యం చేసేవారి బాధ్యత. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, ఇంకొకరికి హాని జరిగేటప్పుడు, కోర్టు అడిగినప్పుడు మినహాయింపులున్నాయి. పద్దెనిమిది నిండని పిల్లల విషయం ఇంట్లో ఎంతవరకు చెప్పాలనేది మొదటి రోజే, ఆ పిల్లల ముందే తేల్చుకోవాలి. పిల్లల మీద లైంగిక దాడి బయటపడితే చెప్పి తీరాలి, 2012 పోక్సో చట్టం అదే అంటోంది. చెప్పమన్నది పోలీసులకు. మేనమామకు కాదు. ఎందుకంటే ఒక్కోసారి ఆ పిల్ల భయపడేది, తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషికే. ఆ మనిషికి లోపలి మాట మోసిన వాణ్ణి కౌన్సెలర్ అనడానికి నోరెలా వస్తుంది?

అంత ఫీజు పెట్టుకోలేమంటే 14416 ఉంది. మనసు బాధలకు ఫోన్లో సాయం చేసే టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లోడు మిద్దె మీదికి పోయి ఆ నంబరు కలిపాడో లేదో, కింద నుంచి కేక: "ఎవర్రా ఫోన్లో? ఆడపిల్లా?"

కాబట్టి మామా, వచ్చే వారం కూడా నువ్వు వస్తావు, నాకు తెలుసు. రా. మెట్ల కింద టీ కొట్టుంది, పేపరుంటుంది, మాట్లాడుకోవడానికి రాజకీయాలున్నాయి. కుర్చీ మాత్రం పైకి ఎత్తకు. పిల్లోడికి ఆటో డబ్బులు చేతిలో పెట్టి, నువ్వు ముందు బస్సుకు ఇంటికి పో.