పిల్లలకు దోస్తులు లేరట, ఉండనిస్తే కదా!

"ఈ కాలం పిల్లలకు ఫోన్ తప్ప ఇంకో లోకం లేదండీ" అని నిట్టూర్చే పెద్దమనుషులను ఒకటి అడగాలని ఉంది. ఫోన్ పక్కన పడేసి కిందికి దిగితే వాళ్ళను ఎక్కడ ఆడుకోనిస్తున్నారు? డ్రైవ్‌వేలో బంతాట ఆడితే కార్లకు గీతలు పడతాయి. క్లబ్‌హౌస్ ముందు ఆడితే గోల. లాన్ దగ్గర గడ్డి తొక్కరాదని బోర్డు. సెల్లార్‌లోకి వెళ్తే వాచ్‌మన్ తరుముతాడు. పాపం, తరమమని చెప్పిందీ మనమే.

నేను మాట్లాడేది హైదరాబాద్ పడమటి వైపు సంగతి. నల్లగండ్ల, తెల్లాపూర్, కొండాపూర్. హైరైజ్ కట్టే సైటులో కనీసం 10 శాతం పచ్చదనానికో పిల్లల ఆటలకో వదలాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 చెప్తోంది. చాలామంది బిల్డర్లు వదిలారు కూడా. ఫౌంటెన్ పెట్టారు, రాళ్ళు పరిచారు, ఓ మూల రెండు ఉయ్యాలలు వేశారు. పదేళ్ళ పిల్లాడు అక్కడేం చేస్తాడు, ఫౌంటెన్ చూస్తూ కూర్చుంటాడా?

నేను 90ల్లో రామ్‌నగర్ గల్లీలో పెరిగాను. బ్యాంకు ఉద్యోగి కొడుకు, ఆటో నడిపే ఆయన కొడుకు, కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి అందరం ఒకే జట్టు. ఎవరైనా తమ్ముణ్ణి వెంటేసుకొస్తే వాడు ఆటలో అరటిపండు, ఎన్నిసార్లు ఔటైనా ఆడుతూనే ఉంటాడు. పొద్దున కటీఫ్ చెప్పుకున్నా సాయంత్రానికి కలిసిపోయేవాళ్ళం, ఎందుకంటే బ్యాటు వాడి దగ్గరే ఉండేది. మధ్యలో ఏ పెద్దలూ వచ్చి తీర్పు చెప్పలేదు. అలాగని మా గల్లీ స్వర్గమేమీ కాదు. కొన్ని ఇళ్ళలో కొందరికి గ్లాసు వేరుగా ఉండేది, ఎందుకో మాకు పెద్దయ్యాకే అర్థమైంది. కాస్త ఎదగగానే ఆడపిల్లల్ని లోపలికి పిలిచేసేవాళ్ళు. ఎన్ని ఉన్నా, గుమ్మం దాటితే చాలు, దోస్తు దొరికేవాడు.

ఇప్పుడు దోస్తుకి అపాయింట్‌మెంట్ కావాలి. మా అమ్మాయి క్లాసులో ప్రాణస్నేహితురాలు మియాపూర్ అవతల ఉంటుంది. వాళ్ళిద్దరూ బడి బయట కలవాలంటే ముందు ఇద్దరమ్మలు మెసేజీలు పెట్టుకోవాలి, అబాకస్, స్విమ్మింగ్, డ్యాన్స్ క్లాసులు లేని గంట వెతకాలి, ఆ గంటలో ట్రాఫిక్ కనికరించాలి. తీరా కలిశాక "ఏం ఆడుకుంటున్నారు?" అని తలుపు దగ్గర నిలబడి మనమే అడుగుతాం. పిల్లలు బోర్ కొట్టి, కొట్టుకుని, మళ్ళీ కలిసిపోయేంత టైమ్ ఎక్కడిది?

బిల్డింగులోనే స్నేహం కుదిరిందా, దానికి వేరే గండాలు. 11 నెలల అగ్రిమెంట్ అయిపోతుంది, ఓనర్ అద్దె పెంచుతాడు, ఆ కుటుంబం బాచుపల్లి వెళ్ళిపోతుంది. లేదంటే పార్కింగ్ దగ్గర ఇద్దరు నాన్నలకు మాటామాటా పెరుగుతుంది, మర్నాటి నుంచి పిల్లలు లిఫ్టులో ఒకరినొకరు చూసుకోరు. మన కోపానికి వాళ్ళ కటీఫ్! వాళ్ళదైతే సాయంత్రానికే పోయేది.

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇంకోటుంది. వాచ్‌మన్ పిల్లలు అదే బిల్డింగులో, సెల్లార్ గదిలో ఉంటారు. మా పిల్లల ఈడు వాళ్ళే. ఉయ్యాల ఎక్కితే గ్రూపులో ఫోటో పడుతుంది, కింద "మెయింటెనెన్స్ కట్టేది ఎవరు?" అని కామెంట్. పిల్లలకు ఆడుకునే హక్కుందని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెప్తుంది, మన దేశం 1992లోనే దానికి ఒప్పుకుంది. ఫ్లాట్ ఓనర్ల పిల్లలకు మాత్రమే అని అందులో ఎక్కడా రాయలేదు. ఆ ఫోటో పెట్టినాయనే, మొన్న పిల్లల మీద ఫోన్ ప్రభావం గురించి పెద్ద వ్యాసం ఫార్వర్డ్ చేశాడు.

వచ్చే ఆదివారం మా అసోసియేషన్ మీటింగ్ ఉంది. సాయంత్రం 5 నుంచి 7 దాకా వెనక డ్రైవ్‌వేలో కార్లు తిరగకూడదు, అక్కడ బంతాట ఆడుకోవచ్చు, బిల్డింగులో ఉండే ఏ పిల్లలనైనా ఎవరూ వెళ్ళగొట్టకూడదు అని రాసి ఇస్తున్నాను. కారు గీతలకు భయపడేవాళ్ళకు కవర్ కొనడానికి చందా వేస్తాను. మా బ్లాక్ వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే లైక్ కొట్టి ఊరుకోకండి, వచ్చి చెయ్యెత్తండి.