విశాఖ గాలిలో సుయోధనుడు

ముప్ఫై ఏళ్ళుగా దుర్యోధనుడి వేషం వేస్తున్నాను. తొడ విరగ్గొట్టించుకుని చావడం నాకు మామూలే. నవ్వులపాలై బతకడం మాత్రం విశాఖపట్నంలోనే అనుభవమైంది.

తెనాలిలో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగాం. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జిలో ట్రంకుపెట్టెలు దించాక మా మేకప్ మేన్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "అన్నయ్యా, మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకో. ఈ ఊరి గాలిలోనే నీళ్ళుంటాయి. చెమట పట్టిన మూతికి మీసం అంటదు." పడుకుందామనే అనుకున్నాను. కానీ కాలవ గట్టున పెరిగినవాణ్ణి, కూతవేటు దూరంలో సముద్రం పెట్టుకుని ఫ్యాను చూస్తూ పడుకోమంటే ఎలా?

ఆటో ఎక్కాను. బెజవాడలో కొండెక్కాలంటే మెట్లెక్కాలి. ఇక్కడ ఆటో ఎక్కితే చాలు, బీచ్‌కి చేరేలోపు రెండు కొండలు ఎక్కి దిగినట్టే. చివరి వాలు దిగుతుంటే రోడ్డు కొసన నీలంగా గోడ లేచి నిలబడింది. గోడ కాదు, సముద్రం. ఎత్తు మీంచి చూస్తే అది నేల మీద ఉన్నట్టుండదు, మన తల మీదికి లేచినట్టుంటుంది. "అబ్బా" అన్నాను. ఆటో అతను నావైపు చూసి ఇరవై రూపాయలు ఎక్కువ అడిగాడు. నోరు మూసుకుని ఉండాల్సింది.

ఆర్కే బీచ్‌లో పొడిగా ఉన్న ఇసుక చూసుకుని మరీ నిలబడ్డాను. చేతిలో పొట్లం. మనం మరమరాలంటాం, ఇక్కడ మురీ అంటారు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, కారం కలిపి, కాగితం పొట్లంలో అట్టముక్క గుచ్చి ఇస్తారు. ఆ అట్టముక్కే చెంచా. నాలుగో చెంచా నోట్లో పెట్టుకుంటుండగా పొడి ఇసుక కాస్తా నీళ్ళయింది. మోకాళ్ళ దాకా వచ్చిన అల వెనక్కి పోతూ పోతూ కాళ్ళ కింది ఇసుకని కూడా లాక్కుపోయింది. నేను కూర్చుండిపోయాను. మురీ పొట్లం ఒడ్డున పడింది, ఎడమ చెప్పు విదేశాలకు బయల్దేరింది.

నేలనుకుంటే నీళ్ళు. మయసభ! అందులో నవ్వడానికి ద్రౌపది ఉండాలి కదా, ఇక్కడా ఉంది. మురీ అమ్మే ఆవిడ. "ఏటి బాబూ, సంద్రమెప్పుడూ సూళ్లేదేటి?" అని పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఇంకో పొట్లం కలిపిచ్చింది, డబ్బులు తీసుకోలేదు. ఆ రోజు మయసభలో ద్రౌపది కూడా ఇలా ఓ పొట్లం చేతిలో పెట్టి ఉంటే యుద్ధం తప్పేదేమో.

పంచె ఆరాలి కదా అని రోడ్డు వెంట నడిస్తే ఇసుక మీద జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఆ మరుసటేడు మ్యూజియం అయిందట. పేరు కుర్సురా. కురు అన్నారంటే మనవాళ్ళదే అనుకుని టికెట్టు కొన్నాను. పొడవు తొంభై మీటర్ల పైమాటే. అంత పొడవున్న దానిలో గదికీ గదికీ మధ్య దారి మాత్రం గుండ్రటి కంత. ఆ కంతలో కాలు పట్టింది, తల పట్టింది, ముప్ఫై ఏళ్ళ రాజభోగం పట్టలేదు. వెనక విహారయాత్రకొచ్చిన బడిపిల్లలు. "అంకుల్, ఊపిరి వదలండి" అని ఒకడు సలహా ఇచ్చాడు, మిగతావాళ్ళు తోశారు. యుద్ధం చివర మా దుర్యోధనుడు మడుగులో దాక్కుంటాడు. రాజు దాక్కోవడమేంటని ఆ ఘట్టం నాకెప్పుడూ నచ్చేది కాదు. ఇలాంటిది ఒకటుంటే దాక్కున్నా మర్యాదగానే ఉంటుందనిపించింది, కంత కాస్త పెద్దదైతే.

లాడ్జికి చేరేసరికి ఐదున్నర. మేకప్ మేన్ మాట్లాడలేదు. నా మూతి తుడిచాడు, చెమట పట్టింది. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ పట్టింది. చివరికి స్పిరిట్ గమ్ సీసా సగం ఒంపి, మీసం రెండు ముక్కలూ అదిమి, "దేవుడే దిక్కు" అన్నాడు. ఆ దేవుడు పక్కనే నీలం రంగు పూసుకుంటున్నాడు.

స్టేజి సముద్రానికి వీపు పెట్టి కట్టారు. రాయబారం సీను. కృష్ణుడి వైపు తిరిగి పద్యం ఎత్తుకున్నాను. చివరి పాదం రాగం పైకి తీసేసరికి ఎడమ చెంపకి సముద్రపు గాలి చల్లగా తగిలింది. మీసం కొస లేచింది. గొంతు ఆపితే పరువు పోతుంది, ఆపకపోతే మీసం పోతుంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, గొంతే గెలిచింది. మీసం లేచి, గాల్లో ఒక పల్టీ కొట్టి, కృష్ణుడి చెమట బుగ్గకి అతుక్కుంది.

జనం ఊపిరి బిగబట్టారు. మా కృష్ణుడు కుర్రవాడు, తెర వెనక నన్ను బాబాయ్ అంటాడు, తెర ముందు బావా అనాలి. నిదానంగా దాన్ని బుగ్గ మీంచి ఒలిచి, రెండు వేళ్ళతో పట్టుకుని అందరికీ చూపించాడు.

"ఐదూళ్ళడిగితే అరమీసమిచ్చావా, బావా!"

ఇక చూడండి. ఈలలు. "వన్స్ మోర్! వన్స్ మోర్!" పద్యానికి అడిగారో మీసానికి అడిగారో నాకిప్పటికీ తేలలేదు. పద్యానికే అనుకుని అరమీసంతో మళ్ళీ పాడాను. ఈసారి జనం పద్యం వినలేదు, కుడివైపు మీసాన్నే చూస్తూ కూర్చున్నారు. అది మాత్రం పంతం పట్టినట్టు కదల్లేదు.

ఆట అయ్యాక స్టేజి వెనక ఇసుకలో కూలబడ్డాను. చీకట్లో డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ దీపం తిరుగుతోంది. అంత పెద్ద ముక్కు, దాని కింద కూడా మీసం లేదు. కాస్త ధైర్యం వచ్చింది.

ఇంతలో కమిటీ పెద్దాయన కవరు పట్టుకుని వచ్చాడు. "అదరగొట్టీసేరండీ బాబూ. వచ్చే ఏడాదీ మీరే రావాల. ఆ మీసం ఐటమ్ మాత్రం తప్పకుండా పెట్టండే!"

మిగిలిన అరమీసం పీక్కుంటూ తలూపాను.