రోగం బయటపెట్టినవాడే ఎందుకు నష్టపోవాలి?

2022లో పశువులకు ఒంటిమీద గడ్డలు లేచే లంపీ స్కిన్ రోగం పాకుతున్న రోజుల్లో మా నాన్న ఆవు మీద గోనెపట్టా కప్పి ఉంచాడు. చలీ లేదు, వానా లేదు. దాని మెడ మీద, పొదుగు పక్కన ఉసిరికాయలంత గడ్డలు లేచాయి. దారిన పోయేవాళ్లకు అవి కనపడకూడదని ఆ పట్టా. పసుపు, వేపాకు నూరి పూస్తూ, ఎవరైనా అడిగితే "ఈగలు ముసురుతున్నాయి, అందుకే కప్పా" అనేవాడు. "డాక్టరుకి చెప్పావా నాన్నా?" అని నేను ఫోన్లో అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెబితే మన పాలు పోయించుకోరమ్మా. ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. నువ్వు టెన్షన్ పడకు, అదే తగ్గుతుందిలే" అన్నాడు.

మా నాన్న అబద్ధాలాడే మనిషి కాదు. ఆయన చేత అబద్ధం ఆడించింది భయం. ఆ భయం ఎక్కడ మొదలైందా అని వెతుక్కుంటూ పోతే బ్రిటిష్ వాళ్ల కాలం దాకా వెళ్లాను. చదివిన కొద్దీ కోపం పెరిగింది. అందుకే ఈ పోస్ట్.

1865లో ఇంగ్లండ్‌లో రిండర్‌పెస్ట్ వచ్చింది. మన పల్లెల్లో ముసర రోగం అంటారే, అదే. మరుసటి ఏడు అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. రోగం తగిలిన పశువును చంపాల్సిందే. కానీ దాని విలువలో సగం దాకా యజమానికి ఇస్తారు. జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్తగా చంపితే ముప్పాతిక దాకా ఇస్తారు. ఆ లెక్కకీ ఒక పరిమితి ఉంది, అది వేరే సంగతి. అసలు విషయం ఏంటంటే, రైతు రోగం దాచుకోకుండా బయటపెట్టాలంటే అతని చేతిలో ఏదో ఒకటి పెట్టాలని వాళ్లకు తెలుసు. తమ రైతుల విషయంలో మాత్రం బాగానే తెలుసు.

సరిగ్గా అదే 1866లో మద్రాసు ప్రభుత్వమూ ఒక పశురోగ చట్టం చేసింది. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక కూడా అది "ఆంధ్ర ప్రాంతం" అన్న కొత్త పేరు తగిలించుకుని మన చట్టాల జాబితాలో కొనసాగింది. 1871లో హాలెన్ అనే అధికారి నాయకత్వంలో పశువుల తెగుళ్ల మీద కమిషన్ తన నివేదిక ఇచ్చింది. దేశంలో ఎడ్లు, ఆవులు ఎంత ఘోరంగా చస్తున్నాయో అందులో ఉంది. అయినా వాటి రోగాల మీద దేశమంతటికీ వర్తించే చట్టం రాలేదు.

మరి దేశం లోపలి పశురోగాల మీద అలాంటి చట్టం దేనికి వచ్చింది? గుర్రానికి. 1899లో గ్లాండర్స్, ఫార్సీ చట్టం. మళ్లీ 1910లో డౌరిన్ చట్టం, అదీ గుర్రాల రోగమే. గుర్రం ఎక్కేది సైన్యం, పోలీసులు, దొరలు. ఎద్దును నమ్ముకున్నది రైతు. నేను అన్యాయంగా మాట్లాడదలచుకోలేదు. గ్లాండర్స్ మనుషులకు కూడా సోకి ప్రాణం తీసే జబ్బు, దానికి చట్టం ఉండాల్సిందే. ఇన్‌స్పెక్టర్ వేధించడం కోసం సోదా చేస్తే అతనికీ శిక్ష పడే సెక్షన్ ఆ చట్టంలోనే ఉంది. కానీ వరస చూడండి. గుర్రానికి రెండు చట్టాలు వచ్చాయి. ముసరతో మందలకు మందలే తుడిచిపెట్టుకుపోతున్న ఎడ్లకు దేశమంతటికీ వర్తించేది ఒక్కటీ రాలేదు.

ఇంకోటి చదివి చాలా బాధపడ్డాను. ఆ రోజుల్లో ఉత్తరాదిన పశువులు గుట్టలుగా చస్తే, చాలాచోట్ల అధికారులు ముందు రోగాన్ని చూడలేదు. తోళ్ల కోసం తోలుపని చేసే చమార్లే పాషాణం పెట్టి చంపుతున్నారని కులం మొత్తాన్ని అనుమానించారు. చచ్చిన గొడ్డును ఊరి బయటకు లాగి, ఊరికి రోగం అంటకుండా చూసినవాళ్లే దొంగలయ్యారు. రోగం కంటే ముందు మనిషిని పట్టుకోవడం అప్పట్నుంచే ఉంది.

ముసర ఎలా పోయిందో తెలుసా? చట్టంతో కాదు, టీకాతో. ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల్లో పెంచిన వైరస్‌తో టీకా తయారుచేశాడు. స్వతంత్రం వచ్చాక 1954లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకా పట్టుకుని మనుషులు గొడ్లచావడి దాకా నడిచి వెళ్లారు. 2006లో మన దేశానికి రిండర్‌పెస్ట్ లేదన్న గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచమంతా దాన్నుంచి బయటపడింది. రైతు ఆ సిరంజీ చూసి దాక్కోలేదు, ఎద్దును తనే పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకంటే వచ్చినవాళ్లు తన గొడ్డును బతికించడానికి వచ్చారు.

కబేళాల సంగతీ ఇంతే. బ్రిటిష్ వాళ్లకు కంటోన్మెంట్‌లో సైనికుడు తినే మాంసం శుభ్రంగా ఉంటే చాలు, ఊళ్లో జనం తినేదాని మీద ఆ శ్రద్ధ అంతగా లేదు. ఇప్పుడు మన సొంత నిబంధనలు ఉన్నాయి. 2001 నాటి రూల్స్ ప్రకారం లైసెన్సు ఉన్న కబేళాలోనే కోయాలి. ఒక డాక్టరు గంటకు 12 జీవాలకు మించి, రోజుకు 96కు మించి పరీక్షించకూడదు. చాలా మంచి రూలు. కానీ ఆదివారం తెల్లవారుజామున మా టౌన్లో మురుగుకాలవ పక్కన మేకలు కోస్తుంటే ఏ డాక్టరూ ఉండడు. కోసేవాళ్లను తిట్టి ఏం లాభం? వాళ్లకు మంచి కబేళా కట్టి, నీళ్లిచ్చి, పరీక్ష చేయించి, ముద్ర వేసి ఇస్తే వద్దంటారా?

పశురోగం, కబేళా, ఈ రెండూ కలిసేది ఇక్కడే. గొర్రెకు జబ్బు చేస్తే రైతు ముందున్నవి రెండు దారులు. డాక్టరుకు చెప్పి, అది చస్తే పాతిపెట్టి, పూర్తిగా నష్టపోవడం. లేదా చావకముందే వచ్చిన రేటుకు అమ్మేయడం. తిండికి కటకటలాడే ఇంట్లో మొదటిది ఎవరు ఎంచుకుంటారు? విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసుకుని, చేతుల మీద దొమ్మ (ఆంత్రాక్స్) పుండ్లతో ఆసుపత్రికి వెళ్లిన గిరిజనుల వార్తలు వచ్చినప్పుడల్లా "అవగాహన లేదు" అనేస్తాం. నాకు మాత్రం అక్కడ కనపడేది ఆకలి.

2009లో పశువుల అంటురోగాల మీద కొత్త కేంద్ర చట్టం వచ్చి ఆ రెండు గుర్రాల చట్టాలనూ రద్దు చేసింది. రోగం కనపడితే యజమాని చెప్పాలి, పశువును వేరుగా కట్టాలి, బయటికి తోలకూడదు. అన్నీ సబబే. కానీ చెబితే ఏమిస్తారు, ఎన్నాళ్లకు ఇస్తారు అని మా ఊళ్లో ఎవర్ని అడిగినా తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం అందరికీ తెలుసు.

నేను అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: ఫలానా రోగంతో ఆవు చస్తే ఇంత, గేదె చస్తే ఇంత, గొర్రె చస్తే ఇంత, ఇన్ని రోజుల్లో మీ ఖాతాలో పడుతుంది. కింద డాక్టరు ఫోన్ నంబరు. ఖాళీగా ఉన్న పశువుల డాక్టరు పోస్టులు నింపండి. పాల కేంద్రాల వాళ్లతో మాట్లాడి, రోగం చెప్పిన రైతు ఆ నెల ఎలా గడుపుకోవాలో తేల్చండి.

మా ఆవు బతికింది. కానీ మేము చెప్పేలోపు పక్కింటివాళ్ల దూడకు గడ్డలు లేచాయి, అది వారం తిరక్కుండానే పోయింది. నాన్న ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి వెళ్లడు, చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి పొలానికి పోతాడు.