అన్ని నంబర్లూ కొనేవాడికి లాభమే, కానీ ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది?

లాటరీలో ఉన్న నంబర్లన్నీ కొనేస్తే లాభం వస్తుందా రాదా అని మొన్న విశాఖ మద్దిలపాలెంలో టీ కొట్టు దగ్గర నలుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు తెగ వాదించుకుంటున్నారు, ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి రెండు నిమిషాల్లో "రాదు బ్రో, పెట్టిందే ఎక్కువవుద్ది" అని తేల్చేశారు. నేను వస్తుంది అంటాను. ఇప్పటికే వచ్చింది, అదీ ఒక్కసారి కాదు. నా బాధ అది కాదు, వచ్చిన ప్రతిసారీ ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో మనం అడగట్లేదు, అడగకపోవడం వల్ల మన దగ్గర కూడా అదే ఆట వేరే పేరుతో నడిచిపోతోంది.

స్టెఫాన్ మాండెల్ కథ చాలామంది యూట్యూబ్‌లో చూసే ఉంటారు కాబట్టి సాగదీయను. రుమేనియాలో పుట్టి ఆస్ట్రేలియా వెళ్లి సెటిలైన మనిషి, 1992లో అమెరికాలో వర్జీనియా లాటరీ మీద కన్నేశాడు. 44 అంకెల్లో 6 కలవాలి, మొత్తం 70,59,052 కాంబినేషన్లు, టికెట్ ఒక డాలర్, జాక్‌పాట్ పెరిగి పెరిగి 2.7 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 70 లక్షలు పెడితే 2.7 కోట్లు, చిన్న ప్రైజులు అదనం. ఇక్కడ గణితం ఇంటర్ పిల్లాడు కూడా చేస్తాడు. అసలు గొప్పతనమంతా మిగతా పనిలో ఉంది. సుమారు 2,500 మంది ఇన్వెస్టర్ల దగ్గర డబ్బు సమీకరించడం, ఒక్కో స్లిప్‌కి ఐదు ఆటల లెక్కన 14 లక్షల స్లిప్పులు ఆస్ట్రేలియాలోనే ప్రింట్ చేయించి ఓడలో పంపడం, వర్జీనియాలో మనుషుల్ని పెట్టి కిరాణా షాపుల్లో పెట్రోల్ బంకుల్లో మెషిన్ల ముందు రాత్రీ పగలూ నిలబెట్టడం. ఇంత చేసినా టైం చాలలేదు, 50 లక్షలే కొనగలిగారు, 20 లక్షల కాంబినేషన్లు కొనకుండానే డ్రా అయిపోయింది. అదృష్టం బాగుండి గెలిచే నంబరు కొన్నవాటిలోనే ఉంది. విచారణలు జరిగాయి, తప్పేమీ లేదన్నారు, డబ్బు ఇచ్చారు, అదీ ఒక్కసారిగా కాదు, 20 ఏళ్ల వాయిదాల్లో.

అదే ఏడాది ఐర్లండ్‌లో ఇంకో గ్యాంగ్ ఇదే పని చేసింది. అక్కడ 36లో 6, అంటే 19,47,792 కాంబినేషన్లు, ఒక్కోటి అర పౌండు, అన్నీ కొంటే పదిలక్షల పౌండ్ల లోపే. లాటరీ వాళ్లు పసిగట్టి మెషిన్లు ఆపినా 80 శాతం పైగా కొనేశారు. జాక్‌పాట్ 17 లక్షల పౌండ్లు, నంబరూ తగిలింది, కానీ అదే నంబరు ఇంకో ఇద్దరికి కూడా ఉంది! మూడు ముక్కలైంది. నాలుగు అంకెలు కలిసినవాళ్లందరికీ ఆ వారం 100 పౌండ్లు గ్యారంటీ అని లాటరీ వాళ్లే ఆఫర్ పెట్టారు కాబట్టి బతికిపోయారు, లేకపోతే మునిగేవాళ్లే. చిన్నా పెద్దా అన్నీ కలిపి 11.6 లక్షల పౌండ్లు వచ్చాయి, ఖర్చులు పోను 3 లక్షలకి పైగా మిగిలాయి.

ఆ కుర్రాళ్లు లెక్క వేసింది అమెరికాలో పవర్‌బాల్ అనే పెద్ద లాటరీ మీద, దాని వరకు వాళ్లు కరెక్టే. అక్కడ 29,22,01,338 కాంబినేషన్లు, టికెట్ రెండు డాలర్లు, అన్నీ కొనాలంటే 58.44 కోట్ల డాలర్లు. 2022 నవంబర్‌లో 204 కోట్ల డాలర్ల జాక్‌పాట్ అని ప్రపంచమంతా మోగిపోయింది కదా, చేతికి ఒకేసారి ఇచ్చేది 99.76 కోట్లే, ఆ 204 కోట్లు ఏళ్ల తరబడి వాయిదాల్లో తీసుకునేవాడికే. ఆ రోజు గెలిచిన టికెట్ ఒక్కటి ఉంది, మనం కూడా అన్నీ కొని ఉంటే సగం సగం, అంటే 50 కోట్లు కూడా రావు, దాని మీద మళ్లీ పన్ను.

ఏ ఆటలో అన్నీ కొనొచ్చు, ఏ ఆటలో కొనకూడదు అనేదానికి ఈ లెక్కల కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. ఎవరికీ తగలని జాక్‌పాట్ తర్వాతి డ్రాకి చేరుతుందా లేదా? చేరకపోతే ఎప్పటికీ లాభం రాదు. కేరళ లాటరీనే తీసుకోండి, 1967లో మొదలైన ప్రభుత్వ లాటరీ, ఓణం బంపర్ టికెట్ 500, మొదటి బహుమతి 25 కోట్లు, మన ఆటో స్టాండ్లలో కూడా దాని గురించి మాట్లాడుకుంటారు. ఆ టికెట్లన్నీ నువ్వొక్కడివే కొన్నావనుకో, నీ డబ్బులోంచే కమీషన్లు, ప్రభుత్వం వాటా, జీఎస్టీ అన్నీ కోసుకొని మిగిలింది నీకే తిరిగిస్తారు, నష్టం గ్యారంటీ. పైగా మన దేశంలో లాటరీ గెలుపు మీద 30 శాతం పన్ను, పైన సర్‌ఛార్జి, సెస్సు, అన్నిటికంటే ముఖ్యం టికెట్లకి పెట్టిన ఖర్చు తీసేయడానికి లేదు, లాభం మీద కాదు వచ్చిన మొత్తం మీద కట్టాలి. ఐర్లండ్ వాళ్ల 11.6 లక్షల మీద ఈ పన్ను వేస్తే దాదాపు మూడున్నర లక్షలు, వాళ్ల లాభమంతా పోయి చేతి డబ్బు కూడా కొంత వదులుకోవాలి. కాబట్టి విశాఖలో కూర్చొని ఎవరైనా అన్నీ కొనేద్దామని స్కీమ్ చెబితే నమ్మకండి.

ఇక నన్ను నిద్రపోనివ్వకుండా చేసింది 2023 ఏప్రిల్‌లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర లాటరీలో జరిగింది. 54లో 6, మొత్తం 2,58,27,165 కాంబినేషన్లు, ఒక్కోటి డాలరు. ఒక గ్యాంగ్ మూడు రోజుల్లో దాదాపు అన్నీ కొనేసింది, ఆ మూడు రోజులూ ఒక్క నిమిషం ఆపకుండా కొట్టినా సెకనుకి వంద పడాలి, అలా కొట్టడానికి మెషిన్లు ఒకచోట పెట్టుకొని ఆన్‌లైన్‌లో టికెట్లమ్మే కంపెనీల సాయంతో నడిపించారు. జాక్‌పాట్ 9.5 కోట్ల డాలర్లు, చేతికొచ్చేది 5.78 కోట్లు, పెట్టుబడి పోతే పన్నుకి ముందు 3 కోట్ల డాలర్లకి పైగా మిగులు. ఆ 9.5 కోట్లు ఎలా తయారైంది? నెలల తరబడి ఎవరికీ తగలకుండా, వారం వారం కిరాణా కొట్టులో ఒకటో రెండో టికెట్లు కొనుక్కున్న మామూలు మనుషుల డాలర్లు ఒకదాని మీద ఒకటి పడి తయారైంది. అందరం కలిసి కుండ నింపాం, నిండిన రోజు ట్యాంకర్ వేసుకొని ఒకడు వచ్చి తోడుకుపోయాడు. ఆ డ్రాకి మామూలుగా ఒక టికెట్ కొన్నవాడికి నంబరు తగిలినా సగమే వచ్చేది, ఎందుకంటే అదే నంబరు వాళ్ల దగ్గర ముందే ఉంది. ఆ విషయం అతనికి ఎవరూ చెప్పలేదు. గొడవ ఎంత దూరం వెళ్లిందంటే 2025లో టెక్సస్ ఆ లాటరీ కమిషన్నే రద్దు చేసి లాటరీని వేరే శాఖకి అప్పగించింది.

ఇక్కడే నా అసలు మాట. అన్ని నంబర్లూ కొనేవాడూ ఒక్క నంబరు కొనేవాడూ ఒక్కో టికెట్‌కి ఇచ్చే రేటు ఒకటే, కానీ ఇద్దరూ ఆడుతున్నది ఒకే ఆట కాదు. ఒకడిది జూదం, ఇంకొకడిది వ్యాపారం. డబ్బు ఎక్కువున్నవాడికి అదృష్టంతో పనే ఉండదు.

లాటరీలు మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడో బ్యాన్ కదా మనకెందుకు అంటారేమో, 2024 అక్టోబర్‌ని గుర్తు తెచ్చుకోండి. 3,396 మద్యం షాపులు, లాటరీలో కేటాయింపు, ఒక్కో అప్లికేషన్‌కి 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు, ఒక మనిషి ఎన్ని పెట్టుకోవచ్చు అన్నదానికి పరిమితి లేదు. 89,882 అప్లికేషన్లు పడ్డాయి, డ్రా తీయకముందే ప్రభుత్వానికి 1,797.64 కోట్లు వచ్చేశాయి. తెలంగాణలో 2023లో ఇంతకన్నా ఎక్కువ, 2,620 షాపులకి లక్షా 31 వేలకి పైగా. మందు షాపులు ఉండాలా వద్దా అనేది వేరే చర్చ, నేను ఆ డ్రా గురించి మాత్రమే మాట్లాడుతున్నాను.

సగటున ఒక్కో షాపుకి 26 పైచిలుకు అప్లికేషన్లు. ఒక్క అప్లికేషన్ పెట్టినవాడికి వచ్చే అవకాశం నాలుగు శాతం కూడా లేదు, 2 లక్షలు పోయినట్టే. అదే 2 కోట్లున్నవాడు వంద షాపులకి ఒక్కోటి చొప్పున వంద అప్లికేషన్లు పెట్టాడనుకోండి, ఆ సగటు మీద లెక్కేస్తే మూడో నాలుగో షాపులు రావాలి, ఒక్కటి కూడా రాకుండా పోయే అవకాశం రెండు శాతమే. వర్జీనియాలో మాండెల్ చేసింది ఇదే, టెక్సస్‌లో జరిగింది ఇదే! చక్రం తిప్పి బంతి తీసినా, కంప్యూటర్ నొక్కినా, కలెక్టర్ గారి ముందు డబ్బాలో చీటీ తీసినా లెక్క మారదు.

మా గాజువాక వైపు వీధిలో నలుగురు కలిసి తలా 50 వేలు వేసుకొని ఒకే ఒక్క అప్లికేషన్ పెట్టారు. అందులో ఒకాయన ఆటో నడుపుతాడు, నాకు అన్న వరస, వదిన పేరు మీద ఉన్న చీటీ తక్కువకి పాడి మరీ ఆ 50 వేలు తెచ్చాడు. నేను వద్దన్నాను. "అందరికీ ఒకే ఛాన్స్ రా, కలెక్టర్ గారే తీస్తారు, మోసం ఉండదు" అన్నాడు. మోసం లేదు, నిజమే. అందరికీ ఒకే ఛాన్స్ అన్న ముక్కే అబద్ధం, ఆ అబద్ధాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు, రూల్ బుక్ చెప్పింది. డ్రా అయిన రోజు సాయంత్రం ఆటో బయటికి తీయలేదు, అరుగు మీద కూర్చొని ఉన్నాడు, ఏం మాట్లాడాలో నాకూ తెలియలేదు.

ఎదురు వాదన ఉంది. ఎవరూ బలవంతం చేయలేదు, రూల్స్ అందరికీ ముందే చెప్పారు, టెండర్ అయితే పెద్దోళ్లే వచ్చేవాళ్లు, లాటరీ కాబట్టే చిన్నోడికి కూడా దారి దొరికింది, వచ్చిన డబ్బు ఖజానాకే కదా పోయింది అంటారు. చిన్నోళ్లకి కొన్ని షాపులు వచ్చిన మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ టెండర్‌లో ఓడిపోయినవాడి డిపాజిట్ వెనక్కి ఇస్తారు. ఇక్కడ ఓడిపోయిన 86 వేల అప్లికేషన్ల డబ్బూ ఉంచేసుకున్నారు, అందులో వ్యాపారి పెట్టిన 2 లక్షలు అతనికి ఖర్చుల పద్దులో ఒక లైను, మా అన్న పెట్టిన 50 వేలు ఇంట్లో నాలుగు నెలల తిండి. రెండిటినీ ఒకే డబ్బాలో వేసి కలపడం నాకు న్యాయంగా కనిపించట్లేదు.

ఐర్లండ్‌లో లాటరీ నడిపేవాళ్లు ఏం చేశారో చూడండి. అదే ఏడాది 36 అంకెల్ని 39కి మార్చారు, తర్వాత 42కి పెంచారు, డబ్బుతో కొనేసే దారి మూశారు. వర్జీనియా కూడా గుత్తగా కొనడానికి వీల్లేకుండా రూల్స్ పెట్టుకుంది. లాటరీ నడిపేవాళ్లకే తమ ఆటకి పరువు ఉండాలని అనిపించింది, మనకి ఎందుకు అనిపించదు? మన దగ్గర పరిమితి పెట్టకపోవడానికి కారణం ఒకటే, పరిమితి పెడితే అప్లికేషన్లు తగ్గుతాయి, ఫీజులు తగ్గుతాయి. టెక్సస్‌లో కూడా అంతే, టికెట్లు కోట్లలో అమ్ముడుపోతుంటే ఎవరు మాత్రం ఆపుతారు.

ఇప్పుడున్న లైసెన్సులు 2026 సెప్టెంబర్‌తో అయిపోతాయి. తర్వాతి పాలసీలో నేను అడిగేది పెద్దదేం కాదు, ఒక ఆధార్‌కి ఒక్క అప్లికేషన్, షాపు రాకపోతే ప్రాసెసింగ్ ఖర్చు పట్టుకొని మిగతా ఫీజు వెనక్కి. బినామీలు పెడతారు అంటారు, పెడతారు, పెట్టనివ్వండి, వంద మంది బినామీల్ని వెతికి వంద మంది చేత సంతకాలు పెట్టించి, షాపు వచ్చాక వాళ్లు అడ్డం తిరగకుండా చూసుకోవడం అంత తేలిక కాదు, మాండెల్‌కే చివరి 20 లక్షల టికెట్లు కొనడానికి టైం చాలలేదు. కష్టం పెంచితే చాలు, సగం మంది ఆగిపోతారు.

మా అన్న మొన్న కనపడి ఈసారి ఆరుగురం కలుస్తున్నాం, నువ్వు కూడా ఒక వాటా వెయ్యి అన్నాడు. రూల్ మారితేనే వేస్తానని చెప్పాను. వదిన చీటీకి ఇంకా మూడు వాయిదాలు కట్టాలట.