తుపాకి ఉందని చెప్పినవారికే తిప్పలు

నమీబియాకో దక్షిణాఫ్రికాకో వేటకు బయలుదేరే అమెరికా పౌరుడు విమానం ఎక్కకముందే తన రైఫిల్‌ను కస్టమ్స్ కార్యాలయానికి తీసుకువెళ్తాడు. తయారీ సంస్థ పేరు, తుపాకి మీద చెక్కిన క్రమసంఖ్య 4457 అనే ఫారంలో రాస్తే, అధికారి రెండూ సరిచూసి ముద్ర వేసి సంతకం చేస్తాడు. రుసుము లేదు. తిరిగి వచ్చినప్పుడు తుపాకి మీది అంకె, కాగితం మీది అంకె ఒకటైతే అది పరదేశంలో కొన్నది కాదని తేలిపోతుంది. జోహన్నెస్‌బర్గ్‌లో దిగగానే తాత్కాలిక అనుమతి కోసం మరో దరఖాస్తు నింపించే అక్కడి పోలీసులూ ఈ కాగితాన్నే యాజమాన్యానికి రుజువుగా చూస్తారు. తుపాకుల విషయంలో అమెరికా నుంచి ఎవరైనా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. ఈ ఒక్క కాగితం మాత్రం మినహాయింపు.

ఆ పద్ధతి మనకూ తెలియనిది కాదు. అమెరికాలోని కూతురి దగ్గరికి నగలతో వెళ్లే తల్లి ఇక్కడ విమానాశ్రయంలోనే ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే, తిరుగు ప్రయాణంలో సుంకం గొడవ ఉండదు. ఖరీదైన కెమెరాలకూ అదే ఏర్పాటు. ఎంతమందికి తెలుసన్నది వేరే సంగతి. తుపాకుల దగ్గరికి వచ్చేసరికి ఈ సూటిదనం కనబడదు. మన నిబంధనల ప్రకారం ప్రయాణికుల సామానులో తుపాకి దిగుమతి నిషిద్ధం. విదేశంలో కాపురం ఎత్తేసి స్వదేశానికి తిరిగి వచ్చేవారు మాత్రం, కనీసం ఏడాదిపాటు సొంతంగా వాడుకున్న తుపాకిని, అదీ ఒక్కదాన్ని, షరతులకు లోబడి తెచ్చుకోవచ్చు. జీవితాంతం దాన్ని అమ్మకూడదు, ఎరువివ్వకూడదు. ఇంత కట్టుదిట్టం మంచిదే. మా అభ్యంతరం కట్టుదిట్టం మీద కాదు, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతున్నదన్న దాని మీద.

ఈ చట్టాలలో ఒక వింత కూడా ఉంది. 1959 నాటి ఆయుధాల చట్టం పదో సెక్షన్ తెరిచి చూస్తే, కేంద్రం నోటిఫై చేసిన దేశాల నుంచి వచ్చే పర్యాటకుడు క్రీడ కోసం తగుమాత్రం ఆయుధాలు, తూటాలు లైసెన్సు లేకుండానే, నిర్ణీత షరతులతో వెంట తెచ్చుకోవచ్చని కనిపిస్తుంది. విదేశీ అతిథులను పులుల వేటకు తిప్పే షికారు కంపెనీలు నడిచిన రోజుల్లో రాసిన వెసులుబాటు అది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో వినోదానికి వేటాడడమే నేరమైంది. ఇప్పుడు పంటను పాడుచేసే అడవి పందిని కొట్టాలన్నా వన్యప్రాణి అధికారి అనుమతి కావాలి. అరణ్యం తలుపు మూసేసి మూడు దశాబ్దాలు దాటినా విమానాశ్రయం తలుపు మీద పాత స్వాగతపత్రం వేలాడుతూనే ఉంది.

ఈ దేశంలో న్యాయంగా రైఫిల్‌తో విమానం దిగేవారు ఇక ప్రధానంగా షూటింగ్ క్రీడాకారులే. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, ఆసియా క్రీడల్లో పతకాలు గెలిచిన ఈషా సింగ్ హైదరాబాద్‌వారే కనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు. తుపాకి ఉందని ముందుగా చెప్పి, పత్రాలు చూపించేవారు వీరు. అయినా 2021 ఫిబ్రవరిలో దిల్లీ నుంచి భోపాల్ వెళ్లబోతున్న మను భాకర్, అనుమతి పత్రాలు ఉన్నా రూ.10,200 కట్టమన్నారని బహిరంగంగా వాపోవలసి వచ్చింది. అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజు జోక్యం చేసుకున్నాక గానీ ఆమె ప్రయాణం సాగలేదు. అది దేశీయ ప్రయాణమే. పేరున్న క్రీడాకారిణికి మంత్రి పలికారు, మొదటి పోటీకి వెళ్లొస్తున్న పల్లెటూరి కుర్రవాడికి ఎవరు పలుకుతారు?

రెండో వైపు చూస్తే మరో కథ. 2017లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు మీరట్‌లో ఒక విశ్రాంత కర్నల్ ఇంట్లో సోదా చేస్తే సుమారు 40 తుపాకులు, 50 వేల తూటాలు, వన్యప్రాణి మాంసం బయటపడ్డాయి. ఆయన కుమారుడు జాతీయ స్థాయి షూటర్. క్రీడాకారులకు దిగుమతిలో ఇచ్చిన రాయితీలు పక్కదారి పట్టాయని అప్పట్లో ఆరోపణలు వచ్చాయి. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారు దగ్గర రెండు తుపాకులకు మించి ఉండరాదన్నారు. ఆ మరుసటి ఏడాది అగ్రశ్రేణి షూటర్లకు 12 వరకు అనుమతించారు. క్రీడకు అవసరమైతే కాదనలేం. కానీ తుపాకి కస్టమ్స్ గేటు దాటాక అది ఎవరి ఇంట్లో ఉంది, దానికోసం తెచ్చిన తూటాలు ఎక్కడ పేలాయి అని అడిగేవారు ఉండాలి కదా! గేటు దగ్గర గంటల తరబడి ప్రశ్నలు, గేటు అవతల మౌనం.

మన ప్రవాసులను వేధించేది మరో రకం ఇబ్బంది. అమెరికాలో ఖాళీ తుపాకిని గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి, చెక్-ఇన్ సామానులో పంపవచ్చు. అక్కడ గురి సాధనకు వాడిన సంచితోనే స్వదేశానికి వస్తే, దాని అడుగున మిగిలిపోయిన ఒక్క తూటా ఇక్కడి స్కానర్‌లో పడుతుంది. ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద కేసు, విమానం తప్పిపోవడం, వీసా మీద నీడ. తన దగ్గర ఆయుధం ఉందన్న ఎరుక ఉంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది, 1994లో రాజ్యాంగ ధర్మాసనం అదే మాట నిలబెట్టింది. ఇలాంటి ఎఫ్ఐఆర్‌లను దిల్లీ హైకోర్టు అనేకసార్లు కొట్టేసింది కూడా. చివరికి కొట్టేయక తప్పని కేసును ఠాణాలో ఎందుకు మొదలుపెట్టాలి? తుపాకి లేకుండా దొరికిన ఒకటి రెండు తూటాలను స్వాధీనం చేసుకుని, విదేశీ లైసెన్సును, పాత చరిత్రను పరిశీలించి, వాంగ్మూలం రాయించుకుని పంపే పద్ధతి ఒకటి కేంద్ర హోంశాఖ రాతపూర్వకంగా ఇవ్వాలి. మరిచిపోయానన్న మాట రెండోసారి చెల్లకూడదు.

క్రీడాకారుల విషయంలో చేయవలసింది అంతకన్నా తేలిక. దేశం విడిచేటప్పుడే తుపాకుల అంకెలను, తూటాల లెక్కను కస్టమ్స్ నమోదు చేసి, లైసెన్సు ఇచ్చిన జిల్లా అధికారికి పంపాలి. తిరిగి వచ్చిన రోజు అదే పట్టీతో సరిచూసి వదలాలి. ఆ తర్వాతి బాధ్యత జిల్లా పోలీసులది. ఎన్నికల ప్రకటన వెలువడితే చాలు, లైసెన్సు తుపాకులను రోజుల వ్యవధిలో ఠాణాలకు జమ చేయించే యంత్రాంగం మన జిల్లాల్లో ఇప్పటికే ఉంది. ఎన్నికలు లేని ఏడాదిలో కూడా అదే సిబ్బంది ఒకసారి అంకెలు చూసి రావడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.